పలుచని బిళ్లమీద ఒక తరం రాతలు

ఒకే ఫ్లాపీ డిస్కులో ఒక కంప్యూటరు 720 కిలోబైట్లు దాచింది. మరొకటి 880 కిలోబైట్లు దాచింది. ఈ వింతకు కారణం తెలిస్తే, పాత డిస్కులలో నిలిచిపోయిన రాతలను నేడు ఎలా కాపాడుకోవచ్చునో కూడా తెలుస్తుంది.

అటక సర్దుతున్నప్పుడో, మూతబడిన అచ్చుకూటపు బీరువా తెరిచినప్పుడో ఒక చిన్న పెట్టె బయటపడుతుంది. లోపల వరుసగా పేర్చిన చదరపు ప్లాస్టిక్ రేకులు. ఒక్కొక్కదానిమీద సిరాతో రాసిన చీటీ: ‘నవల, నాల్గవ భాగం’, ‘1991 జమాఖర్చులు’, ‘నాన్నగారి ఉత్తరాలు’. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. ఆ చీటీమీది అక్షరాలు మాత్రం చదవగలం. రేకు లోపల ఉన్నవాటిని చదివే యంత్రం ఇంట్లో లేదు. బజారులో సులభంగా దొరకదు.

అవి ఫ్లాపీ డిస్కులు. సుమారు పాతిక సంవత్సరాలపాటు ప్రపంచంలోని చిన్న కంప్యూటర్లన్నీ తమ జ్ఞాపకాలను వీటిమీదనే మోశాయి. వీటిని గురించి ఒక విచిత్రమైన సంగతి ఉన్నది. 1980ల ద్వితీయార్ధంలో మూడున్నర అంగుళాల డిస్కులు పది కొని, మూడు కంప్యూటర్లకు పంచామనుకుందాం. ఐబీఎం తరహా పర్సనల్ కంప్యూటరు ఒక్కొక్క డిస్కులో 720 కిలోబైట్లు దాచేది. ఆపిల్ సంస్థ వారి మాకింటాష్ అదే డిస్కులో 800 కిలోబైట్లు దాచేది. కమడోర్ సంస్థ వారి అమీగా 880 కిలోబైట్లు దాచేది. డిస్కు ఒకటే, దానిమీది పూత ఒకటే, కొన్న వెల ఒకటే.

కుంచం ఎవరి ఇంట్లో కొలిచినా కుంచమే కదా! మరి ఈ కొలత ఇల్లు మారగానే ఎందుకు మారింది? ఆ సంగతి తెలియాలంటే ఈ బిళ్ల పుట్టుకనుంచి ప్రారంభించాలి.

మరచిపోయే యంత్రం

1960ల చివర అమెరికాలోని శాన్ హోసే నగరంలో ఐబీఎం పరిశోధనశాలకు ఒక చిక్కు ఎదురైంది. ఆ సంస్థ తయారుచేయబోతున్న సిస్టమ్ 370 వరుసలోని పెద్ద కంప్యూటర్లకు, విద్యుత్తు ఆపివేయగానే అన్నీ మరచిపోయే కొత్తరకం జ్ఞాపకశక్తిని అమర్చనున్నారు. ప్రతి ఉదయం యంత్రాన్ని మేల్కొలిపి దాని మూలసూత్రాలను మళ్లీ నేర్పాలి. ఆ సూత్రాలను మోసే సాధనం చవకగా ఉండాలి. కవరులో పెట్టి టపాలో పంపగలిగేలా ఉండాలి.

అలాన్ షుగార్ట్ పర్యవేక్షణలో, డేవిడ్ నోబుల్ నాయకత్వంలో ఇంజనీర్లు చేసిన ప్రయత్నాల ఫలితంగా 1971లో మొదటి ఫ్లాపీ డిస్కు వెలువడింది. ఎనిమిది అంగుళాల వెడల్పుగల పలుచని ప్లాస్టిక్ బిళ్ల; దానిమీద ఇనుప ఆక్సైడు పూత. వంచితే వంగుతుంది గనుక ఫ్లాపీ అన్న పేరు వచ్చింది. దుమ్ము పడితే చదవడం కష్టమయ్యేది. అందుచేత బిళ్లను ఒక తొడుగులో ఉంచి, ఆ తొడుగు లోపలివైపు మెత్తని గుడ్డవంటి పదార్థం అతికించారు. బిళ్ల తిరుగుతున్నంతసేపూ ఆ గుడ్డ దానిని తుడుస్తూనే ఉంటుంది. ఆ మొదటి డిస్కులో సుమారు 80 కిలోబైట్లు పట్టేవి. దానిని చదవడమే గాని, వాడుకరి దానిమీద రాయడానికి వీలులేదు.

1973లో ఐబీఎం 3740 అనే సమాచార నమోదు వ్యవస్థతో రాయడానికి కూడా వీలైన డిస్కు వచ్చింది. అంతవరకు కార్యాలయాలు సమాచారాన్ని రంధ్రాలు పొడిచిన అట్ట కార్డులలో దాచేవి. కొత్త డిస్కుమీద సమాచారానికి కేటాయించిన వలయాలు 73. ఒక్కొక్క వలయంలో 26 గదులు. ఒక్కొక్క గదిలో 128 బైట్లు. గుణించి చూస్తే 2,42,944 బైట్లు. ఒక్కొక్క గదిలో ఒక కార్డు సమాచారం ఇమిడేది. అనగా సుమారు 1,900 కార్డులు నింపిన బరువైన పెట్టె స్థానంలో, రెండు వేళ్లతో ఎత్తగల ఒక రేకు వచ్చి చేరింది.

మళ్లు, గట్లు, అడంగలు

పైన చెప్పిన వలయాలను ట్రాకులు అంటారు. గదులను సెక్టారులు అంటారు. కొత్తగా కొన్న బిళ్లమీద ఈ విభజన సాధారణంగా కంటికే కాదు, యంత్రానికి కూడా కనిపించదు. అది దున్నని బీడు భూమి. దానిని వాడుకలోకి తేవాలంటే ముందుగా కంప్యూటరు ఆ భూమిని మళ్లుగా విభజించి గట్లు వేయాలి. ఈ పనికే ఫార్మాట్ చేయడమని పేరు.

ప్రతి మడి ముందూ ఒక సరిహద్దు రాయి వంటి గుర్తు ఉంటుంది: ‘ఇది 12వ ట్రాకు, 5వ సెక్టారు’ అని. మడి చివర ఒక తనిఖీ సంఖ్య ఉంటుంది. లోపలి సమాచారం చెడిందా లేదా అన్నది దానివల్ల తెలుస్తుంది. ఒక మడికీ మరొక మడికీ మధ్య కొంత ఖాళీ జాగా వదలాలి. ఎందుకంటే ఏ రెండు డ్రైవులూ బిళ్లను సరిగ్గా ఒకే వేగంతో తిప్పవు. ఒక సెక్టారును తిరగరాసేటప్పుడు వేగం కాస్త తగ్గినా పెరిగినా, ఆ రాత పక్క సెక్టారు మీదికి పొర్లిపోకుండా ఈ ఖాళీ కాపాడుతుంది.

గట్లకు పోయిన భూమిలో పంట పండదు. ఇక్కడ కూడా అంతే. ఆనాటి మూడున్నర అంగుళాల సాధారణ డిస్కుమీద ఒక్కొక్క ట్రాకులో, ఐబీఎం తరహా యంత్రం రాసే వేగానికి, మొత్తం 6,250 బైట్ల చోటు ఉండేది. ఆ యంత్రం ప్రతి ట్రాకులో 512 బైట్ల సెక్టారులు తొమ్మిది వేసేది. అనగా 4,608 బైట్లు. మిగిలినది గట్లకు పోయింది. రెండు వైపులా కలిపి 160 ట్రాకులు కాబట్టి మొత్తం 7,37,280 బైట్లు. అదే 720 కిలోబైట్లు.

అమీగా పద్ధతి వేరు. అది ఎప్పుడూ ఒక ట్రాకు మొత్తాన్ని ఏకబిగిన రాసేది. మధ్యలో ఒక్క సెక్టారును విడిగా రాయవలసిన పని లేదు గనుక మడికీ మడికీ మధ్య పెద్ద గట్లు అనవసరం. తత్ఫలితంగా తొమ్మిదికి బదులు పదకొండు సెక్టారులు పట్టాయి. మొత్తం 9,01,120 బైట్లు. దీనికి వెల లేకపోలేదు: ఒక చిన్న మార్పు చేయాలన్నా ట్రాకు మొత్తం చదివి, సరిచేసి, మళ్లీ రాయాలి.

మళ్లు వేసినంత మాత్రాన పని పూర్తికాదు. ఏ మడి ఎవరిదో రాసిపెట్టే అడంగలు కూడా కావాలి. ఏ ఫైలు ఏ సెక్టారులలో ఉన్నదో తెలిపే ఈ పట్టికలు కూడా డిస్కుమీదనే ఉండాలి. అవీ కొంత చోటు తింటాయి. అడంగలు పాడైతే పొలం పోదు. కాని ఏది ఎవరిదో చెప్పలేం. డిస్కు విషయంలో కూడా అనేకసార్లు జరిగింది అదే. సమాచారం బిళ్లమీద క్షేమంగా ఉంటుంది. దారి చూపే పట్టిక మాత్రం చెరిగిపోయి ఉంటుంది.

తాళం తగ్గితే పాట పెరిగింది

గట్లను తగ్గించడం ఒక మార్గం. మడిలోని రాతనే దగ్గరదగ్గరగా రాయడం రెండవ మార్గం. డిస్కుమీద ఒకటి, సున్న అనే రెండు అక్షరాలే ఉంటాయి. అయస్కాంత దిశ మారిన చోటు ఒక చప్పట్ల దెబ్బ వంటిది. మారని చోటు మౌనం. అయితే వరుసగా అనేక సున్నలు వస్తే సుదీర్ఘమైన మౌనం ఏర్పడుతుంది. ఆ మౌనంలో ఎన్ని సున్నలున్నాయో యంత్రం లెక్క తప్పుతుంది.

అందుచేత మొదటి పద్ధతిలో ప్రతి అక్షరానికీ ముందు ఒక తాళపు దెబ్బ వేసేవారు. లెక్క తప్పేది కాదు. కాని సగం చోటు తాళానికే పోయేది. తరువాతి పద్ధతిలో, రెండు సున్నలు పక్కపక్కన వచ్చినప్పుడు మాత్రమే వాటి నడుమ తాళం వేశారు. మిగిలిన చోట్ల అక్షరాల దెబ్బలే లెక్కకు సరిపోతాయి. దెబ్బలు పలచబడ్డాయి గనుక అంతా రెట్టింపు దగ్గరగా జరపగలిగారు. పాత డిస్కులమీద కనిపించే ‘డబుల్ డెన్సిటీ’ అనే మాటకు మూలం ఇదే.

ఈ రాత సూత్రం ఎంత బలమైనదో ఆపిల్ సంస్థ చరిత్ర నిరూపిస్తుంది. 1976లో షుగార్ట్ అసోసియేట్స్ అనే సంస్థ ఐదుంబావు అంగుళాల చిన్న డ్రైవును విడుదల చేసింది. దానిని ఆధారంగా చేసుకొని స్టీవ్ వోజ్నియాక్ అతి కొద్ది చిప్పులతో ఒక నియంత్రణ సాధనాన్ని రూపొందించగా, 1978లో ఆపిల్ వారి డిస్క్ 2 వెలువడింది. అందులో 35 ట్రాకులు. ఒక్కొక్కదానిలో 256 బైట్ల సెక్టారులు 13. మొత్తం 1,16,480 బైట్లు. ఆ పద్ధతిలో బిళ్లమీది ప్రతి ఎనిమిది స్థానాలలో ఐదు మాత్రమే అసలు సమాచారాన్ని మోసేవి. 1980లో సూత్రాన్ని మార్చి, ఎనిమిదింట ఆరు స్థానాలు సమాచారాన్ని మోసేలా చేశారు. సెక్టారులు 13 నుంచి 16కు పెరిగాయి. డిస్కు సామర్థ్యం 1,43,360 బైట్లయింది. వాడుకరులు కొత్త డ్రైవు కొనలేదు. కొత్తరకం డిస్కు కొనలేదు. నియంత్రణ పలకమీది చిన్న చిప్పులు మార్చుకున్నారు, అంతే.

ఐబీఎం పర్సనల్ కంప్యూటరు కథ కూడా ఇటువంటిదే. 1981లో అది వచ్చినప్పుడు ఒక వైపు 40 ట్రాకులు, ట్రాకుకు 8 సెక్టారులు. మొత్తం 160 కిలోబైట్లు. 1982లో రెండు వైపులా రాయగల డ్రైవు రావడంతో 320 అయింది. 1983లో సెక్టారులు 8కి బదులు 9 చేశారు. 320 కాస్తా 360 అయింది. ఈ చివరి మార్పుకు కారణం యంత్రం కాదు, కేవలం డాస్ అనే నిర్వహణ వ్యవస్థ కొత్త ప్రతి.

కళ్లంలో బయటి ఎద్దు

కళ్లంలో పశువులను వరుసగా కట్టి పంట తొక్కించడం మన పల్లెలకు తెలిసిన దృశ్యమే. గుంజ దగ్గరి ఎద్దు ఒక చుట్టు తిరిగేలోగా బయటి ఎద్దు ఎంతో ఎక్కువ దూరం నడవాలి. తిరిగే బిళ్లమీద కూడా ఇదే నియమం. బయటి ట్రాకు పొడవు ఎక్కువ. లోపలి ట్రాకు పొడవు తక్కువ. ఐబీఎం తరహా యంత్రాలు రెండింటిలోనూ సమానమైన సెక్టారులే వేసేవి. బయటి ట్రాకులో అక్షరాలు సాగదీసినట్టు దూరదూరంగా పడేవి. అక్కడి చోటు వృథా అయ్యేది.

కమడోర్ సంస్థ 1982లో తెచ్చిన 1541 డ్రైవు ఈ వృథాను అరికట్టింది. అది బయటి ట్రాకులలో ఒక్కొక్కదానికి 21 సెక్టారులు, తరువాత 19, ఆపైన 18, చివరకు లోపలి ట్రాకులలో 17 చొప్పున వేసేది. మొత్తం 683 సెక్టారులు. సుమారు 170 కిలోబైట్లు. బిళ్ల తిరిగే వేగం మారేది కాదు. రాసే వేగం మారేది. 1984నాటి మాకింటాష్ మరొక దారి తొక్కింది. అది బయటి ట్రాకులు చదివేటప్పుడు బిళ్లను నెమ్మదిగా, లోపలి ట్రాకులు చదివేటప్పుడు వేగంగా తిప్పేది. పనిచేస్తున్నప్పుడు ఆ డ్రైవు స్వరం మారుతూ వినబడేది. ఆ విధంగా ఒక వైపున 400 కిలోబైట్లు, 1986 నుంచి రెండు వైపులా కలిపి 800 కిలోబైట్లు సాధించింది.

మన మొదటి ప్రశ్నకు ఇప్పుడు సమాధానం దొరికింది. డిస్కు సామర్థ్యం కుంచం వంటి కొలత కాదు. అది బిళ్లకూ, డ్రైవుకూ, రాత సూత్రానికీ మధ్య కుదిరిన ఒక ఒడంబడిక. ఒడంబడిక ఎరిగినవారికి అది పుస్తకం. ఎరగనివారికి అయస్కాంతపు ధూళి.

1.44 అనే వింత అంకె

జపాన్‌కు చెందిన సోనీ సంస్థ 1981లో మూడున్నర అంగుళాల డిస్కును ప్రకటించింది. మెత్తని తొడుగుకు బదులు గట్టి ప్లాస్టిక్ పెట్టె, వేలిముద్రలు పడకుండా జారే లోహపు మూత, రాత చెరగకుండా కాపాడే చిన్న మీట దీని ప్రత్యేకతలు. చొక్కా జేబులో ఇమిడే ఈ రూపమే చివరకు లోకమంతా నిలిచింది. 1987లో ఐబీఎం తన పీఎస్ 2 యంత్రాలతో దీని ‘హై డెన్సిటీ’ రూపాన్ని వ్యాప్తిలోకి తెచ్చింది: రెండు వైపులా 80 చొప్పున ట్రాకులు, ట్రాకుకు 18 సెక్టారులు, సెక్టారుకు 512 బైట్లు. మొత్తం 14,74,560 బైట్లు.

దీనినే 1.44 మెగాబైట్లని అట్టపెట్టెలమీద అచ్చువేశారు. కాని ఏ లెక్క ప్రకారం చూసినా అది 1.44 కాదు. మెగాబైటు అంటే పది లక్షల బైట్లనుకుంటే 1.47 రావాలి, 1,024ను 1,024తో గుణించిన సంఖ్య అనుకుంటే 1.41 రావాలి. 720ని రెట్టింపు చేసి 1,440 కిలోబైట్లని, ఆ తరువాత 1,000తో భాగించి 1.44 అని రాశారు. రెండు కొలతలను కలిపి తయారుచేసిన ఈ అంకె లోకంలో స్థిరపడిపోయింది. పైగా డాస్ పట్టికలకు 33 సెక్టారులు పోగా, వాడుకరికి నిజంగా మిగిలేవి 14,57,664 బైట్లు మాత్రమే.

అదే డిస్కు జపాన్‌లో మరొక కొలత చూపింది. అక్కడ విస్తారంగా వాడిన ఎన్ఈసీ సంస్థ వారి పీసీ 98 యంత్రాలు దానిమీద 12,61,568 బైట్లు దాచేవి. అవి ఒక్కొక్క వైపున 80కి బదులు 77 ట్రాకులే వాడేవి. ఎనిమిది అంగుళాల డిస్కునాటి 77 ట్రాకుల సంప్రదాయాన్ని మూడున్నర అంగుళాల డిస్కు కూడా మోసింది. బిళ్ల చిన్నదైనా పాత అలవాటు చిన్నది కాలేదు.

పొదుపరుల యుక్తులు, పొరపాట్లు

డిస్కులు ఖరీదుగా ఉన్న రోజులలో వాడుకరులు అనేక యుక్తులు కనిపెట్టారు. ఆపిల్, కమడోర్ డ్రైవులు ఐదుంబావు అంగుళాల బిళ్లకు ఒక వైపే చదివేవి. వాడుకరులు కత్తెరతో తొడుగు రెండవ అంచున మరొక గాడి కత్తిరించి, బిళ్లను తిరగేసి రెండవ వైపు కూడా వాడుకున్నారు. మూడున్నర అంగుళాల హై డెన్సిటీ డిస్కుకు ఒక మూల అదనపు రంధ్రం ఉండేది. సాధారణ డిస్కుకు అదే చోట కన్నం పొడిస్తే డ్రైవు మోసపోయి దానిని హై డెన్సిటీగా భావించేది. పూత మాత్రం మోసపోలేదు. అటువంటి డిస్కుమీది రాత నమ్మదగినది కాదు.

వీటికంటె ప్రమాదకరమైన పొరపాటు తెలియకుండా జరిగేది. 1984లో ఐబీఎం పీసీ ఏటీ యంత్రంతో 1.2 మెగాబైట్ల డ్రైవు వచ్చింది. దాని తల, అనగా రాసే భాగం, పాత 360 కిలోబైట్ల డ్రైవు తలలో సుమారు సగం వెడల్పే ఉండేది. పాత డ్రైవులో వాడిన డిస్కును కొత్త డ్రైవులో పెట్టి తిరగరాస్తే, వెడల్పైన పాత గీత మధ్యలో సన్నని కొత్త గీత పడేది. పాత రాత అంచులు చెరగకుండా మిగిలిపోయేవి. కొత్త డ్రైవు దానిని చక్కగా చదివేది. మళ్లీ పాత డ్రైవులో పెడితే రెండు రాతలూ కలిసి గజిబిజి అయ్యేవి. డిస్కు పాడయిందని దానిని పారవేసినవారు ఉంటారు. నిజానికి పాడయింది డిస్కు కాదు, ఒడంబడిక.

చివరి వరకు వదలనివారు

1998లో ఆపిల్ ఐమాక్ ఫ్లాపీ డ్రైవు లేకుండానే వచ్చింది. 2011లో సోనీ ఈ డిస్కుల అమ్మకాన్ని ముగించింది. అయినప్పటికీ కొన్ని పెద్ద వ్యవస్థలు వీటిని వదలలేదు. అమెరికా అణ్వస్త్ర దళాలకు ఆదేశాలు చేరవేసే ఒక వ్యవస్థ 1970ల నాటి ఐబీఎం యంత్రంతో, ఎనిమిది అంగుళాల డిస్కులతో నడుస్తున్నదని 2016లో అక్కడి ప్రభుత్వ తనిఖీ సంస్థ నివేదించింది; 2019లో గాని వాటిని మార్చలేదు. శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో 1998లో నెలకొల్పిన రైళ్ల నియంత్రణ వ్యవస్థ ఐదుంబావు అంగుళాల డిస్కులపై ఆధారపడింది. దానిని మార్చే నిమిత్తం 2024లో ఒప్పందం కుదిరింది. అదే సంవత్సరం జపాన్ ప్రభుత్వం, ఫ్లాపీ డిస్కులు సమర్పించాలని కోరే వెయ్యికి పైగా నిబంధనలను రద్దుచేసే పని ముగించింది.

పెద్ద సంస్థలకు నిపుణులు ఉంటారు, నిధులు ఉంటాయి. చిక్కంతా అటకమీది పెట్టెలది.

రెండవ తలుపు

1985లో ప్రసిద్ధ చిత్రకారుడు ఆండీ వార్హాల్ కమడోర్ సంస్థ కోరిక మీద అమీగా కంప్యూటరుపై కొన్ని బొమ్మలు గీశాడు. 1987లో ఆయన మరణించాడు. ఆయన డిస్కులు పిట్స్‌బర్గ్‌లోని వార్హాల్ మ్యూజియంలో చేరాయి. కోరీ ఆర్కేంజెల్ అనే కళాకారుని చొరవతో, అదే నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ క్లబ్బు సభ్యులు ఆ డిస్కులను పరిశీలించారు. మామూలుగా చదవడానికి ప్రయత్నించకుండా, బిళ్లమీది ప్రతి అయస్కాంతపు మార్పునూ, దాని కాలవ్యవధితో సహా నమోదుచేసే సాధనాన్ని వాడారు. ఏ యంత్రం ఏ సూత్రంతో రాసిందో తరువాత తీరికగా తేల్చవచ్చును.

మొదటి తలుపు తెరుచుకుంది. లోపల రెండవ తలుపు మూసి ఉన్నది. బొమ్మల ఫైళ్లు ఆనాటి, ఇంకా విడుదల కాని ఒక చిత్రలేఖన ప్రోగ్రాము పద్ధతిలో ఉన్నాయి. ఆ పద్ధతిని విప్పితే గాని బొమ్మలు కనబడలేదు. చివరకు 2014లో, అంతకుముందు ఎవరూ చూడని బొమ్మలు లోకానికి వెల్లడయ్యాయి.

ఈ రెండవ తలుపు తెలుగువారికి పరాయిది కాదు. 1980ల చివరి భాగం నుంచి మన పత్రికలు, అచ్చుకూటాలు క్రమంగా సీసపు అక్షరాలను విడిచి కంప్యూటరు కూర్పుకు మారాయి. భారతీయ లిపులకు ఇస్కీ అనే జాతీయ ప్రమాణం 1991లో వెలువడింది. అదే సంవత్సరం యూనికోడ్ తొలి ప్రతిలో తెలుగుకు చోటు దొరికింది. అయినా అచ్చు పనిలో చాలాకాలం రాజ్యమేలినవి సొంత సంకేతాలున్న ఫాంటులు. ఆంగ్ల అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు ఒక్కొక్క సంస్థ తన ఇష్టం వచ్చిన క్రమంలో అమర్చుకుంది. ఆ ఫాంటు ఉంటే తెరమీద అందమైన తెలుగు. లేకపోతే అర్థం లేని ఆంగ్లాక్షరాల గుంపు.

కాబట్టి ఆనాటి తెలుగు నవల ఒకటి డిస్కులో ఉన్నదంటే, దానికి రెండు తాళంచెవులు కావాలి. ఒకటి డిస్కు రాత సూత్రం. రెండవది ఫాంటు సంకేతం. ఇక్కడ కూడా కొలతల వింత కనబడుతుంది. ఇస్కీలో ఒక తెలుగు సంకేతానికి ఒక బైటు సరిపోయేది. నేడు ఎక్కువగా వాడే యూనికోడ్ పద్ధతిలో అదే సంకేతానికి మూడు బైట్లు కావాలి. ఆనాడు ఒక డిస్కులో హాయిగా ఇమిడిన తెలుగు గ్రంథం, నేటి సంకేతంలోకి మారిస్తే అదే డిస్కులో పట్టకపోవచ్చును.

ఇప్పుడేమి చేయాలి?

మీ ఇంట్లో అటువంటి పెట్టె ఉంటే, వెంటనే డిస్కును డ్రైవులో పెట్టే తొందర వద్దు. ముందుగా బిళ్లను కంటితో పరీక్షించండి. మూడున్నర అంగుళాల డిస్కు లోహపు మూతను మెల్లగా జరిపి చూడండి. తేమగల ప్రాంతాలలో నిలువచేసిన బిళ్లమీద తెల్లని బూజు మచ్చలు పట్టే అవకాశం ఉన్నది. డ్రైవు తల బిళ్లను తాకుతూనే చదువుతుంది గనుక, ఒక బూజు పట్టిన డిస్కు డ్రైవును మురికిచేసి, దాని తరువాత పెట్టిన మంచి డిస్కును కూడా గీకి పాడుచేయగలదు. బూజు కనిపిస్తే నిపుణులకు అప్పగించడం మేలు.

రెండవది, రాత చెరగకుండా కట్టుదిట్టం చేయండి. మూడున్నర అంగుళాల డిస్కుకు మీట జరిపి రంధ్రం తెరిచి ఉంచితే రాతకు రక్షణ. ఐదుంబావు అంగుళాల డిస్కుకు అంచునున్న గాడిని కాగితపు బిళ్లతో మూస్తే రక్షణ. ఎనిమిది అంగుళాల డిస్కుకు ఇది తలక్రిందులు: గాడి తెరిచి ఉంటేనే రక్షణ.

మూడవది, సరియైన సాధనం ఎంచుకోండి. యూఎస్‌బీ తీగతో కలిపే చిన్న డ్రైవులు 1.44 మెగాబైట్ల డిస్కులను చదువుతాయి. చాలావరకు 720 కిలోబైట్లవి కూడా చదువుతాయి. అమీగా డిస్కులను గాని, మాకింటాష్ 400, 800 కిలోబైట్ల డిస్కులను గాని అవి చదవలేవు. ఐదుంబావు అంగుళాల బిళ్లలు వాటిలో పట్టనే పట్టవు. అటువంటప్పుడు పాత డ్రైవుకు, అయస్కాంతపు మార్పులను యథాతథంగా నమోదుచేసే క్రయోఫ్లక్స్, గ్రీజ్‌వీజిల్ వంటి పరికరాలు జోడించాలి. ‘ఈ డిస్కు ఫార్మాట్ కాలేదు, చేయమంటారా?’ అని కంప్యూటరు అడిగితే, వలదని చెప్పండి. ఆ ప్రశ్నకు అర్థం డిస్కు ఖాళీ అని కాదు. ఆ కంప్యూటరుకు దాని ఒడంబడిక తెలియదని మాత్రమే.

నాల్గవది, అన్నిటికంటె సులభమైనది. దానికి ఏ యంత్రమూ అక్కరలేదు. ఆ డిస్కు ఏ కంప్యూటరులో వాడారు, ఏ ప్రోగ్రాముతో రాశారు, ఏ ఫాంటులో కూర్చారు అన్నది తెలిసినవారిని అడిగి కాగితంమీద రాసి పెట్టెలో ఉంచండి. ఆనాడు కీబోర్డు ముందు కూర్చున్న కంపోజిటరు, లెక్కలు నమోదుచేసిన గుమాస్తా, ఉత్తరాలు టైపు చేసిన పెద్దమ్మాయి నేడు వయసు మళ్లినవారు. సాధనాలను మళ్లీ తయారుచేసుకోవచ్చును. వారి జ్ఞాపకాన్ని మాత్రం మళ్లీ తయారుచేయలేం.

2012లో ఇటువంటి పెట్టె ఒకటి తెరుచుకుంది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే ప్రసిద్ధమైన కంప్యూటరు ఆట సృష్టికర్త జోర్డాన్ మెక్నర్, 1980లలో తాను రాసుకున్న మూలపాఠం పోయిందనే అనుకున్నాడు. ఆయన తండ్రి ఇంటి అల్మరాలో ఒక పెట్టె చూసి కుమారునికి పంపాడు. పాత కంప్యూటర్ల నిపుణులు కలిసి కూర్చొని, ఆపిల్ యంత్రాల సాయంతో ఆ డిస్కులను చదివారు. రాత చెక్కుచెదరక ఉన్నది. పెట్టెను పారవేయకుండా దాచిన తండ్రి, ఆ పాత ఒడంబడికను ఎరిగిన కొద్దిమంది మిత్రులు ఉండబట్టి అది సాధ్యమైంది.

మన అటకమీది పెట్టెకు కూడా అటువంటి ఇద్దరు కావాలి: పారవేయనివారు ఒకరు, చదవడం తెలిసినవారు ఒకరు. మొదటివారు మనమే కావచ్చును. రెండవవారిని వెదకడం ఈ సంవత్సరమే ప్రారంభించడం మంచిది.